పాలబండి ఆగే మలుపు

రోజూ ఆరున్నరకి ఈ మలుపులో బండి ఆపుతాను.
వెనక పన్నెండు క్యాన్ల పాలు,
ఆవు ఒంటి వెచ్చదనం ఇంకా వదలనివి.
ముందు సముద్రం.
దాని అవతల పీకో దీవి, దాని నడినెత్తిన పీకో కొండ.
ఉండాలి మరి. నిన్నటిదాకా అక్కడే ఉంది.

ఇవాళ మొహం చాటేసింది.

పదకొండేళ్ళుగా ఇదే వరస.
పడవ ఇంజన్లు బాగుచేసే సిదోనియో
బాకీ కింద జమకట్టి ఇచ్చిన కెమెరా ఇది.
లెన్సు అంచున ఓ గీత.
నేను తీసిన ప్రతి ఆకాశంలోనూ కుడి మూల
ఎటూ ఎగరని పక్షి ఒకటి ఉంటుంది.

కొండ కనిపించిన రోజు
దానికన్నా ముందు కరెంటు తీగ కనిపిస్తుంది.
తీగ తప్పిద్దామని నాలుగడుగులు దిగితే
హైడ్రాంజియా కంచె, నీలంగా, నిలువెత్తున.
కంచె దాటితే మా బావమరిది దూడ
తీరిగ్గా వచ్చి లెన్సు నాకుతుంది.
అన్నీ కుదిరింది ఒక్కసారే.
ఫిబ్రవరి. శిఖరం మీద మంచు
అప్పుడే గులాబీ రంగు తిరుగుతోంది.
కెమెరా సీటు మీద లేదు.
వంటింట్లో ఉంది, రొట్టెల బుట్ట పక్కన.

ఆ రోజు ఊరికే చూశాను.
చూసిందే మనసులో నిలిచిపోయింది అని
చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ, నిలవలేదు.
ఎడమ భుజం మీద మబ్బు ఉందా, లేదా?
నిద్ర పట్టని రాత్రుల్లో
ఒకసారి పెట్టి చూస్తాను, ఒకసారి తీసి చూస్తాను.

పోయిన వేసవిలో ఓడ దిగిన కుర్రాడొకడు
మొదటి సాయంత్రమే కొట్టేశాడు, ఇదే మలుపులో.
తీగ లేదు, దూడ లేదు, మబ్బు ముక్క లేదు.
తెచ్చి చూపించాడు.
చాలా బాగుందయ్యా అన్నాను.
ఆ రాత్రి సూపు సగం వదిలేశాను.
ఉప్పెక్కువైందని మా ఆవిడతో అబద్ధమాడాను.

అవతలి దీవిలో, సావ్ రోక్‌లో,
కొండ కిందే ఉంటుంది మా పినతల్లి కూతురు హెర్మీనియా.
నల్లరాతి గోడల మధ్య ద్రాక్షతీగలు కత్తిరిస్తుంది.
"దూరపు కొండలు నునుపు, ఎవరిస్తో.
నీకది ఫోటో. నాకు మోకాళ్ళ నొప్పి.
అందమంటే మీ సావ్ జోర్జ్‌దే.
నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని
ఎవరు పిలిచినా లేవని మనిషిలా ఉంటుంది.
తీద్దామంటే, సరిగ్గా నువ్వుండే చోటే మబ్బు."

నా చోట మబ్బా!
నేను ఇక్కడే కదా నిలబడ్డాను, నీ మబ్బు చూస్తూ.

ఫోన్లో ఒప్పందం చేసుకున్నాం.
గురువారం, ఏడింటికి,
నేను ఆమె వైపు, ఆమె నా వైపు.
ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం గట్టిగా లెక్కపెట్టాం.
మధ్యలో సముద్రం కూడా ఆగినట్టే అనిపించింది.
ఆగలేదనుకోండి.

నా ఫోటోలో తెల్లటి గోడ.
ఆమె ఫోటోలో పొడుగాటి బూడిద రంగు,
దాని నడుమున ఎక్కడో
సూదిమొన కన్నా చిన్న వెలుగు చుక్క.
"అదిగో, నీ బండి అద్దం" అంది.
కావచ్చు.
తెల్లసున్నం వేసిన గోడ కావచ్చు,
ఎవరి పెరట్లోనో బోర్లించిన గిన్నె కావచ్చు.
అప్పటికి ఎండ రాలేదని నాకు గుర్తు.
అయినా ఆమెతో ఏం వాదిస్తాను?

ఆ ఫోటో పర్సులో పెట్టుకున్నాను.

జున్ను ఫ్యాక్టరీకి చేరేసరికి
గడియారం కేసి, నా కేసి, గ్వాల్టర్ చూపు.
పాలు ఇంకాస్త వేడెక్కితే
పందులకి పోయాల్సిందే అంటాడు, ప్రతిరోజూ.
క్యాను మూత తీసి, థర్మామీటరు ముంచి,
తల ఎత్తకుండానే అడుగుతాడు:
"ఇవాళ?"
"టోపీ పెట్టుకుంది."

రిజిస్టరులో ఈ రోజు గడిలో
ముప్ఫై ఒకటి అని రాసి,
పక్కన చిన్న అక్షరాలతో 'టోపీ' అని రాస్తాడు.
పై వరసలో నిన్నటిది.
దాని పైన మొన్నటిది.
అటక మీద పాత రిజిస్టర్లు పది ఉన్నాయట,
ఎలుకలు కొట్టకపోతే.